బెట్ట చూసిన పైరు

వేరుశనగ పండించే ఇళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళకు ‘బెట్టకు వదలడం’ అంటే చెప్పనక్కరలేదు. యాసంగిలో విత్తనం పెట్టాక 20–25 రోజుల దాకా మళ్ళీ తడి ఇవ్వరు. పైరు కొంచెం వాడుతుంది. ఆ తర్వాత నీళ్ళు పెడితే పూత ఒక్కసారిగా వస్తుంది, కాయలు ఒకే ఈడున ముదురుతాయి. మన గోపన్‌పల్లికి దగ్గరలోనే, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1980లలో జరిగిన ప్రయోగాల్లోనూ పూతకు ముందు ఎద్దడి చూసి తర్వాత నీరందిన వేరుశనగ, మొదటి నుంచీ తడిలో పెరిగిన పైరు కంటే ఎక్కువ కాయ ఇచ్చింది.

గోధుమపై చేసిన పరిశోధనల్లోనూ ఇటువంటిదే కనిపించింది. లేతవయసులో తేలికపాటి బెట్ట చూసిన మొక్క, గింజ పాలు పోసుకునే వేళ ఎండలు ముదిరినా, నీరు తగ్గినా తక్కువ నష్టపోతుంది. నేల ఆరగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలను విరిచే ఎంజైములూ పెరుగుతాయి. రెండోసారి ఎద్దడి వచ్చినప్పుడు ఈ పనులు త్వరగా మొదలవుతాయి. మెదడు లేని మొక్కకు అదే జ్ఞాపకం.

అయితే బెట్ట తేలికగా ఉండాలి, వెనుకనే నీరు అందాలి. కష్టాలే పిల్లల్ని గట్టిపరుస్తాయనే పెద్దలు ఈ రెండో తడి మాట ఎత్తరు! ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు వాడితే మాత్రం దిగుబడి పోయినట్లే. అనంతపురం మెట్టల్లో వానను నమ్మి వేసిన వేరుశనగకు బెట్ట ఎప్పుడు రావాలో నిర్ణయించడం రైతు చేతిలో లేదు.