ఆగడం నేర్పే చదువు: అలెగ్జాండర్ పద్ధతిలో ఉపాధ్యాయ శిక్షణ

నాటు వేసేటప్పుడు మా అమ్మ ఒకసారి నడుము వంచిందంటే మడి చివరిదాకా ఎత్తదు. ఎత్తిన తర్వాత ఒక చెయ్యి నడుము మీద పెట్టుకొని, కళ్ళు మూసుకొని, కాసేపు ఎవరితోనూ మాట్లాడదు. మా కారేపల్లి చుట్టుపక్కల వరి మడుల్లో, పత్తి, మిరప చేలల్లో పనిచేసే ఆడవాళ్ళలో చాలామందిది ఇదే పరిస్థితి. రాత్రికి ఏదో ఒక బామ్ రాసుకోవడం, తెల్లారితే మళ్ళీ అదే మడి. ఈ నొప్పి సంగతి ఎక్కడైనా వ్రాశారా అని వెదుకుతూ పోతుంటే నాకు అలెగ్జాండర్ పద్ధతి తగిలింది. అది నేర్పే గురువు కావాలంటే ఏం చెయ్యాలి అని కూడా ఆశపడి విచారించాను. తెలిసినంత ఇక్కడ వ్రాస్తున్నాను.

అలెగ్జాండర్ అనగానే పురుషోత్తముడితో యుద్ధం చేసినవాడని అనుకోకండి. ఈయన ఫ్రెడరిక్ మథియాస్ అలెగ్జాండర్. 1869లో ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో పుట్టిన పల్లెటూరివాడు. షేక్‌స్పియర్ నాటకాల్లోని ఘట్టాలను ఒక్కడే వేదిక మీద చదివి మెప్పించడం అతని వృత్తి. మన పద్య నాటకాల నటుల్లాగన్నమాట. కొన్నాళ్ళకు గొంతు బొంగురుపోవడం మొదలైంది. డాక్టరు గొంతుకు విశ్రాంతినిమ్మన్నాడు. ఇస్తే తగ్గింది, వేదిక ఎక్కగానే మళ్ళీ వచ్చింది. మామూలుగా మాట్లాడితే రాని బొంగురు చదివేటప్పుడే వస్తోందంటే, చదివేటప్పుడు నేనే ఏదో చేస్తూ ఉండాలి కదా అని అతనికి తోచింది.

అద్దాలు పెట్టుకొని చూశాడు. నోరు తెరవబోయే ముందే తల వెనక్కి లాగుతున్నాడు, గొంతు కిందికి నొక్కుతున్నాడు, నోటితో గాలి చప్పుడయ్యేలా పీలుస్తున్నాడు. సరే, తల ముందుకూ పైకీ పెడదామని ప్రయత్నించాడు. పెట్టాననే అనుకున్నాడు. అద్దంలో చూస్తే తల ఇంకా వెనక్కే పోతోంది!

నన్ను కట్టిపడేసింది ఈ ముక్కే. నిటారుగా ఉన్నామనిపించడం వేరు, ఉండడం వేరు. నమ్మకం కలగక హాస్టల్లో స్నేహితుడి చేత ఫోనులో వీడియో తీయించుకున్నాను. నా కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళ మందం కిందికి ఉంది. వాడు సరిచేసి నిలబెడితే ఎడమ పక్కకు పడిపోతున్నట్టు అనిపించింది. జువాలజీ చదివే మిత్రుడు దీనికి కారణం చెప్పాడు. కండరం ఎంత సాగిందో మెదడుకు చెప్పే సన్నటి గ్రాహకాలు కండరాల్లో ఉంటాయట. మెడ వెనుక, పుర్రె కింద ఉండే చిన్న కండరాల్లో అవి మరీ దట్టమట. ఏళ్ళ తరబడి వంకరగా నిలబడితే మెదడు ఆ వంకరనే సరైనదని లెక్కకట్టుకుంటుంది. అందుకే 'నిటారుగా నిలబడరా' అని డ్రిల్లు మాస్టారు ఎంత అరిచినా పిల్లవాడు నిలబడేది తనకు తెలిసిన నిటారుగానే.

కాబట్టి అలెగ్జాండర్ చెప్పిన మొదటి పాఠం చెయ్యడం కాదు, ఆగడం. గురువు 'కుర్చీలో కూర్చో' అంటాడు. శిష్యుడు వెంటనే కూర్చోకూడదు. అలవాటుగా కదలబోయిన ఒంటిని మనసులోనే వద్దని ఆపాలి. తర్వాత మెడ వదులు, తల ముందుకూ పైకీ, వీపు పొడవుగా, వెడల్పుగా అని తలచుకొని, అప్పుడు కూర్చోవాలి. కసరత్తులు లేవు, ఆసనాలు లేవు. ఫలం మీద ఉరకడమే తప్పు అంటాడాయన. దీన్ని గీతతో ముడిపెట్టే ఉత్సాహం మనవాళ్ళకు కలుగుతుందని తెలుసు, నేను మాత్రం ఆ పని చెయ్యను.

అలెగ్జాండర్ 1904లో లండన్ చేరాడు. తన పద్ధతి నేర్పేవాళ్ళను తయారుచేసే తరగతిని మాత్రం 1931లో గానీ మొదలుపెట్టలేదు. మన బి.ఎస్సీ. లాగే మూడేళ్ళ చదువు. ఆయన 1955లో చనిపోయాడు. 1958లో ఉపాధ్యాయులు లండన్‌లో సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం లెక్క ప్రకారం శిక్షణ కనీసం మూడేళ్ళు, 1600 గంటలు, ప్రతి ఐదుగురికీ ఒక గురువు ఉండాలి. ఐదుగురికి ఒకరు! మన ప్రాక్టికల్స్ గుంపు తలచుకుంటే నవ్వొస్తుంది.

ఆ గంటల్లో పుస్తకాల భాగం తక్కువ. మొదట్లో ఎక్కువ కాలం శిష్యుడు తానే చేయించుకుంటాడు. కుర్చీలోంచి లేపుతారు, కూర్చోబెడతారు, బల్ల మీద తల కింద పుస్తకాలు పెట్టి పడుకోబెడతారు. ఇతరుల మెడ మీద, వీపు మీద చేతులు వెయ్యడం తర్వాతి సంగతి. ఎందుకంటే ఈ విద్యలో పనిముట్టు గురువు ఒళ్ళే. చెయ్యి వేసేవాడి మెడ బిగిసి ఉంటే ఆ బిగువు వేళ్ళలోకి దిగి, అక్కడినుంచి శిష్యుడికి అంటుతుందంటారు. సారె మీద మట్టి నడిమికి రాకపోతే కుమ్మరి ముందు తన మోచెయ్యి ఎట్లా ఆనిందో చూసుకుంటాడు కదా, అట్లాంటిది. అందుకే ఉత్తరాల ద్వారా, వీడియోల ద్వారా గురువు కావడం కుదరదు. ఇది చదివి ఎవరూ పక్కవాడి మెడ పట్టుకోవద్దని మనవి.

పెద్దవాళ్ళు చాలామంది ఈయన దగ్గర నేర్చుకున్నారు. తత్వవేత్త జాన్ డ్యూయీ ఈయన పుస్తకాలకు ముందుమాటలు వ్రాశాడు. బెర్నార్డ్ షా పాఠాలు చెప్పించుకున్నాడు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి మిత్రుడైన ఆల్డస్ హక్స్‌లీ కూడా 1930లలో ఈయన శిష్యుడే. 1973లో నోబెల్ బహుమతి అందుకున్న టిన్‌బెర్గెన్ తన ఉపన్యాసంలో పెద్ద భాగం దీనికే కేటాయించాడు. పెద్దలు మెచ్చినంత మాత్రాన సైన్సు విద్యార్థి ఒప్పుకోకూడదు. దక్షిణాఫ్రికాలో ఒక వ్యాయామ విద్యాధికారి ఇది బూటకమని వ్రాస్తే అలెగ్జాండర్ దావా వేసి 1948లో గెలిచాడు కూడా. కానీ కోర్టులో గెలుపు వేరు, ప్రయోగంలో గెలుపు వేరు.

ఆ ప్రయోగం 2008లో వచ్చింది. ఇంగ్లండులో చాలాకాలంగా నడుమునొప్పి ఉన్న 579 మందిని తీసుకొని చేశారు. ఏడాది తర్వాత అడిగితే, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ళకు నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి. 24 పాఠాలు నేర్చుకున్నవాళ్ళకు 3 రోజులు. ఆరు పాఠాలవాళ్ళకు 11. నేను ముచ్చటపడ్డాను. అయితే పాఠం జరుగుతున్నదని రోగికి తెలియకుండా చెయ్యడం అసాధ్యం గనుక మాత్రల ప్రయోగమంత గట్టిది కాదిది. పైగా వాళ్ళెవరూ నాట్లు వేసేవాళ్ళు కారు.

ఇక్కడే నా ఫిజిక్స్ అక్కరకొచ్చింది. 50 కిలోల మనిషికి నడుము పైభాగం రమారమి 30 కిలోలు. పూర్తిగా వంగితే ఆ బరువు నడుము కీలుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. దాన్ని ఆపే వీపు కండరం కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. అంటే 180 కిలోల బరువుకు సమానమైన బలంతో అది లాగాలి. మోకాళ్ళు వంచి, తుంటి వెనక్కి పంపి వంగితే మొండెం అంతగా వాలనక్కరలేదు, దూరం తగ్గుతుంది. అలెగ్జాండర్ గురువులు ఆ భంగిమను సరదాగా 'కోతి' అంటారు.

సెలవుల్లో మడిగట్టు మీద నిలబడి అమ్మకు ఇదంతా చెప్పాను. అంతా విని, 'మోకాళ్ళు వంచితే చీర బురదల పడ్తది బిడ్డా. నువ్వు దిగి ఏసి చూపియ్యి' అంది. దిగాను. నాటు వెనక్కి అడుగేస్తూ వెయ్యాలి. మోకాళ్ళు వంచిన కాలు బురదలోంచి రాలేదు. రెండో వరుసలో కూర్చుండిపోయాను, పక్క మడివాళ్ళు కూడా వచ్చి చూశారు.

బిందె ఎత్తేముందు మాత్రం ఒక్క క్షణం ఆగమంటే ఒప్పుకుంది. మధ్యాహ్నం మోకాళ్ళు నిలబెట్టి, తల కింద నా ఇంటర్ పుస్తకాలు రెండు పెట్టుకొని పడుకుంటోంది. నొప్పి తగ్గిందా అని అడిగితే, 'పండుకుంటే ఎవలికి తగ్గదురా?' అంటుంది. జవాబు లేదు నా దగ్గర.

లండన్ మాట ఎత్తితే నాయన, 'కూసునుడు, లేసుడు నేర్వటానికి సముద్రాలు దాటాల్నా?' అన్నాడు. మూడేళ్ళ ఫీజు, తిండి, గది లెక్కవేస్తే మా మూడెకరాలు అమ్మాల్సిందే. ఆ పొలం అమ్మితే అమ్మ వంగే పనే ఉండదు గానీ, తినే పనీ ఉండదు. అందుకని ప్రస్తుతానికి డిగ్రీ తర్వాత బి.ఎడ్. అనుకుంటున్నాను.

మన పూర్వ విద్యార్థుల్లో ఆ దేశాల్లో స్థిరపడినవారు ఈ సంచిక చదువుతారు గనుక ఒక కోరిక. వీలైతే ఒక్క పాఠం తీసుకోండి. ఆ గురువును, మోకాలి లోతు బురదలో వెనక్కి నడుస్తూ పొద్దంతా వంగి పనిచేసే మనిషికి ఏం చెబుతారో అడగండి. జవాబు కాలేజీ యూనియన్ చిరునామాకు వ్రాస్తే నాకు అందుతుంది.