ఆ ఫైల్లో ఏం రాశావు?

చి. బుజ్జికి,
అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పెద్ద మెసేజ్ మీ నాన్న చదివి వినిపించాడు. నా కళ్ళకి ఆ ఫోన్ అక్షరాలు ఆనవు. జవాబు ఫోన్లోనే చెప్పొచ్చు కానీ సగం వినకుండానే "మీటింగుంది అత్తా" అంటావు. అందుకని కాగితం తీశాను. ముందు ఆ దగ్గు సంగతి డాక్టరుకి చూపించుకో. హాస్టల్లో ఫ్యాను కింద తలారబెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?

నాకు నిద్ర పట్టనివ్వని మాట ఒక్కటే. బిడ్డని దత్తతకి అప్పగించిన ఆ పిల్ల గురించి, "సంతకం పెట్టింది కదా అత్తా, ఇంకా ఊగిసలాడితే ఎలా? తేల్చుకోమని గట్టిగా చెప్పాను" అని రాశావు. ఆ పక్కనే, మీ దత్తత సంస్థ హోం స్టడీ చేసిన దంపతులు బిడ్డ కోసం మూడేళ్ళ పైబడి ఎదురుచూస్తున్నారని, ఆవిడ ముఖం చూడలేకపోతున్నానని రాశావు. వాళ్ళ బాధ నాకు తెలీదనుకోకు. కానీ ఈ రెండు సంగతులకీ ముడి ఎలా పడిందే? వాళ్ళ వరుస కేంద్ర దత్తత సంస్థ కారా కంప్యూటర్లో ఉంది. ఈ బిడ్డ వాళ్ళకే వెళ్తుందని నీకెవరు చెప్పారు? ఈ పిల్లని నువ్వెంత తొందరపెట్టినా వాళ్ళ నంబరు ఒక్కటి కూడా ముందుకి జరగదు.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, బిడ్డని బాలల సంక్షేమ కమిటీకి (సీడబ్ల్యూసీ) అప్పగించిన తల్లికి మళ్ళీ ఆలోచించుకోవడానికి రెండు నెలలు గడువుంది. ఆ లోపల వచ్చి "నా బిడ్డ నాకు కావాలి" అంటే కమిటీ విచారించి తిరిగి ఇవ్వొచ్చు. గడువు పెట్టిందే ఊగిసలాడటానికి. పందొమ్మిదేళ్ళ పిల్ల, పాలు ఇంకా ఆగలేదు, రవిక తడిసిపోతోందని నువ్వే రాశావు. ఆ స్థితిలో తేల్చుకోమంటే ఏం తేలుతుంది?

ఇంకోటి. నెలకి నాలుగు వేల స్పాన్సర్‌షిప్ సంగతి ఆమెకి ఎవరైనా చెప్పారా? కేంద్ర పథకం మిషన్ వాత్సల్యలో ఉంది. ఆమెకి వర్తిస్తుందో లేదో జిల్లా బాలల సంరక్షణ యూనిట్ వాళ్ళు చూస్తారు, చెప్పడం నీ పని. నాలుగు వేలతో బిడ్డని పెంచగలరా అని మీ నాన్న అడిగాడు. పెంచలేరు. కానీ ఆ డబ్బు చూసి, పుట్టింట్లో ఓ మూల చోటివ్వడానికి వాళ్ళమ్మ మనసు మెత్తబడితే బడొచ్చు. మగవాళ్ళకి ఈ లెక్క అర్థం కాదు.

సరే, అన్నీ చెప్పాక కూడా ఆమె మనసు మారలేదనుకో. అప్పుడే నీ అసలు పని మొదలవుతుంది. రాయాలి బుజ్జీ. ఫైలు నిండా రాయాలి.

నేను దత్తత సంస్థ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా పెద్ద మేడమ్‌కి బాల్‌పెన్ అంటే పడేది కాదు, అక్షరం వెలిసిపోతుందని. సిరా కలమే వాడాలి. గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయని ఫైళ్ళు దారంతో కుట్టించేది. ఆ కుట్టే పని నాది. సాయంత్రం ఆటకి వెళ్దామని స్నేహితురాళ్ళు గేటు దగ్గర నిలబడి సైగలు చేస్తుంటే నేను లోపల దబ్బనం పట్టుకుని కూర్చునేదాన్ని. కొత్త సినిమాలన్నీ ఆవిడ పుణ్యాన పాత సినిమాలయ్యాకే చూశాను. ఆవిణ్ణి తిట్టుకోని రోజు లేదు. వానాకాలం వచ్చిందంటే బీరువా తీసి ఫైళ్ళన్నీ వరండాలో పరిచి, వేపాకు మార్చి మళ్ళీ సర్దాలి. చెదపురుగు కనబడితే ఆవేళ మాకు భోజనం ఆలస్యమే.

ఆవిడ ఎందుకలా చేసేదో చాలా ఏళ్ళకి, వేరే సంస్థలో ఉండగా తెలిసింది. స్వీడన్‌కి దత్తత వెళ్ళిన ఓ కుర్రాడు తన ఫైలు వెతుక్కుంటూ వచ్చాడు. మొహం చూస్తే అచ్చం మన గోదావరి జిల్లాల పిల్లాడు, తెలుగు ముక్క రాదు. అక్కడ పాత ఫైలు తీస్తే ఒకటే కాగితం. "మగ. రెండు కేజీల నూటయాభై. తల్లి అవివాహిత. సమ్మతించినది." అంతే. దుబాసీగా వచ్చినాయన చదివి చెప్పాడు. ఆ అబ్బాయి కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు, వెనకేమైనా ఉందేమోనని. మళ్ళీ ముందుకి తిప్పాడు. నేను టీ తెప్పించాను. ఇంకేం చెయ్యను?

మా మేడమ్ రాయించిన ఫైళ్ళు అలా ఉండేవి కావు. తల్లి ఏ చెయ్యివాటం, నవ్వితే సొట్ట పడుతుందా, కాన్పు ముందు ఏం తినాలనిపించింది, బిడ్డని ఎత్తుకుందా, ఏమని పిలిచింది, అన్నీ ఉండేవి. ఓ అమ్మాయి పద్దెనిమిది నిండాక వచ్చి తన ఫైలు అడిగింది. తల్లి ఒప్పుకోలేదు, కాబట్టి పేరూ ఊరూ చెప్పడానికి లేదు. కానీ ఆవిడ రోజూ చింతచిగురు పప్పు అడిగేదని అందులో రాసి ఉంది. అది దాచమని ఏ చట్టం చెప్పింది? వినగానే ఆ పిల్ల "నాకూ ఇష్టం" అని ఎంత గట్టిగా అందంటే, పక్క గదిలో గుమాస్తా తలెత్తి చూశాడు.

కాగితం ఉంటే చాలు అంతా సవ్యమే అని కూడా అనుకోకు. 1999లో, మళ్ళీ 2001లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడ్డ గొడవలు నీకు తెలియవు, చిన్నదానివి. లంబాడీ తండాల్లో ఆడపిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర కొని, దత్తత పేరుతో విదేశాలకి పంపే బేరాలు నడిచాయి. అక్కడా అప్పగింత పత్రాలున్నాయి. ఆ పత్రాల్లో లేనిది తల్లి గొంతే. అందుకే చెబుతున్నా, ఆమె మాటని ఆమె యాసలోనే రాయి. నీ ఆఫీసు భాషలోకి దిద్దకు. ఇప్పుడంతా కంప్యూటర్లోనే అంటావు, తెలుసు. అందులో గడులు నింపి ఊరుకోకు. విడిగా కాగితం మీద చేత్తో రాసి ఫైల్లో పెట్టు. సిరా కలం నేను పంపిస్తాను.

నేనేమీ చాదస్తానికి చెప్పడం లేదు. ఉత్తరం ఎంత పని చేస్తుందో చూడు. లక్ష్మీకాంత్ పాండే అనే వకీలు రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. విదేశీ దత్తతలకి 1984లో నియమాలు వచ్చింది దాని వల్లే.

ఇక ఆ దంపతుల మాట. వాళ్ళకి బిడ్డ వచ్చిన రోజున ఫోటోలు తీసుకుని వదిలెయ్యకు. రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి వెళ్ళి చూసి రావాలి కదా, ఆ వెళ్ళేది కాఫీ తాగి రావడానికి కాదు. బిడ్డకి ఊహ తెలుస్తున్నప్పటి నుంచే దత్తత సంగతి కథలా చెప్పమను. మన రేపల్లె తాతయ్యకి తను దత్తత బిడ్డనని ఎలా తెలిసిందో, ఎవరి పెళ్ళిలో తెలిసిందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడ అత్తగారికి కూడా నువ్వే ఓసారి నచ్చజెప్పు. కొంపలు ముంచే మాట సాధారణంగా అక్కణ్ణుంచే వస్తుంది.

కోప్పడ్డానని ముఖం మాడ్చుకోకు. నువ్వు ఆ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు ఇంట్లో అందరూ వద్దంటే నేనొక్కదాన్నే ఊఁ అన్నాను. అది మర్చిపోకు. ఆ పిల్ల దగ్గర ఏడుపొస్తే ఏడువు, తప్పేం లేదు. మాట మాత్రం తొందరపెట్టకు.

గోంగూర పచ్చడి, కాసిని కారప్పూస బస్సులో పంపిస్తున్నా. అందగానే ఫోన్ చెయ్యి. ఆ అమ్మాయి గడువు ఇంకా ఎన్నాళ్ళుందో కూడా చెప్పు. పేరొద్దు, తేదీ చాలు.

ఇట్లు,
మీ అత్తయ్య