ఆ కామెంటు పెట్టింది ఎవరి అభిమాని?

ఐపీఎల్ మొదలైతే డిజిటల్ ఏజెన్సీల్లో, జట్లకు స్పాన్సర్లుగా ఉన్న కంపెనీల మార్కెటింగ్ విభాగాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "అవతలి జట్టు ఫ్యాన్స్ ఏమంటున్నారో చూసి పొద్దున్నకల్లా ఒక స్లైడ్ పంపు." ఈ పని ఎక్కువగా ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ల మీదే పడుతుంది. వాళ్లు కొన్ని వేల కామెంట్లు దింపి ఏదో ఒక టూల్‌లో వేస్తారు. పొగడ్తకు ఆకుపచ్చ ఇంత, కోపానికి ఎరుపు ఇంత, ఎటూ కానిదానికి బూడిదరంగు ఇంత అని ఒక గుండ్రటి బొమ్మ వస్తుంది. ఆ బొమ్మను నమ్మి కంపెనీ డబ్బు ఖర్చు పెట్టడానికి సిద్ధపడుతుంది కాబట్టి, దాన్ని పంపేముందు రెండు సంగతులు తేల్చుకోండి. మాట్లాడుతున్నది ఎవరు? తిట్టు గానీ పొగడ్త గానీ తగులుతున్నది ఎవరికి? ఈ రెండూ తెలియనంతవరకు కోపం ఎంత శాతమో తెలిసినా ఉపయోగం లేదు.

హార్దిక్ పాండ్యా సంగతే చూడండి. 2023 డిసెంబరులో ముంబయి ఇండియన్స్ రోహిత్ శర్మ స్థానంలో అతన్ని కెప్టెన్‌ని చేసింది. 2024 మార్చి 24న అహ్మదాబాద్‌లో స్టేడియం అతన్ని గేలి చేసింది. తమ జట్టును వదిలి వెళ్లాడన్న గుజరాత్ అభిమానుల కోపం అందులో ఉంది. ఏప్రిల్ 1న వాంఖడేలోనూ అదే గోల. ఈసారి అరిచింది సొంతజట్టు అభిమానులు, అదీ టాస్ సమయంలోనే. వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్ మైకులో కాస్త పద్ధతిగా ఉండమని చెప్పాల్సి వచ్చింది. సోషల్ మీడియాలోనూ ఇదే కథ నడిచింది. ఆ రోజుల కామెంట్లన్నీ ఒకే కుప్పగా పోసి "ప్రత్యర్థి అభిమానుల వ్యతిరేకత" అని శీర్షిక పెడితే అది తప్పు నివేదిక. అందులో ప్రత్యర్థుల కోపం కొంతే, మిగిలింది ఇంటి గొడవ. ఇంకో సంగతి, ఆ ఏడాదే జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్ అతనే వేశాడు, భారత్ 7 పరుగులతో గెలిచింది. జులై 4న అదే వాంఖడే అతని పేరు జపించింది. అందుకే ఏ నివేదికకైనా తేదీ ముఖ్యం. ఏప్రిల్ స్లైడ్ తీసుకెళ్లి ఆగస్టు మీటింగ్‌లో చూపించకూడదు.

మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ విషయంలో చిక్కు ఇంకో రకం. ఆస్ట్రేలియా బ్యాటర్ ట్రావిస్ హెడ్ 2023 నవంబరు 19న వన్డే ప్రపంచకప్ ఫైనల్లో 137 పరుగులు చేసి దేశమంతటినీ ఏడిపించాడు. నెల తిరిగేసరికి వేలంలో సన్‌రైజర్స్ అతన్ని రూ.6.8 కోట్లకు కొంది. ఏప్రిల్ వచ్చేసరికి మనవాళ్లకు అతను మనోడు. నవంబరులో తిట్టిన వేళ్లే ఏప్రిల్‌లో హార్ట్ ఎమోజీలు నొక్కాయి. అదే ఏప్రిల్ 5న చెన్నై జట్టు ఉప్పల్‌కి వస్తే, సొంత మైదానంలో ఎటు చూసినా పసుపు జెర్సీలే. ధోనీ క్రీజులోకి వచ్చినప్పుడు లేచిన అరుపు చాలావరకు తెలుగువాళ్లదే. అంటే సన్‌రైజర్స్‌ను వెక్కిరించే "ప్రత్యర్థి అభిమాని" కూకట్‌పల్లిలోనో విజయవాడలోనో కూర్చుని, మన యాసలోనే రాస్తుంటాడు. భాషను చూసి, ఊరిని చూసి జట్టు కేటాయించే ఫిల్టర్ ఇక్కడ పనిచేయదు. కోహ్లీ కోసం బెంగళూరును, రోహిత్ కోసం ముంబయిని అంటిపెట్టుకున్న తెలుగు కుర్రాళ్లు ఎంతమందో మీ ఆఫీసులోనే లెక్కపెట్టుకోవచ్చు.

మరి ఎవరి మనిషో ఎలా తెలుస్తుంది? ఒక్క కామెంటుతో తెలియదు. ఆ ఖాతా గత నాలుగైదు మ్యాచ్‌లలో ఎవరి వికెట్ పడ్డప్పుడు సంబరపడిందో, ఎవరు సిక్స్ కొడితే ఎగిరిందో చూడండి. ప్రొఫైల్ ఫొటో కంటే ఈ చరిత్రే నమ్మదగింది. అప్పటికీ తేలకపోతే "తెలియదు" అని ఒక గడి పెట్టి అందులో వేయండి. ఆ గడి పెద్దదైనా సిగ్గుపడక్కర్లేదు.

ఇక భాష. 2024 ఏప్రిల్ 15న బెంగళూరు మీద సన్‌రైజర్స్ 3 వికెట్లకు 287 కొట్టిన రాత్రి మనవాళ్లు ఏ మాటలు వాడతారు? ఊచకోత, అరాచకం, విధ్వంసం, నరకం చూపించాడు, చంపేశాడు, ఉతికి ఆరేశాడు. నిఘంటువు ప్రకారం మార్కులు వేసే టూల్ వీటన్నిటినీ ఎర్ర గడిలో పడేస్తుంది. నిజానికి అవి ఆనందంలో పుట్టిన మాటలు. వేడర్ (VADER) లాంటి టూళ్లు ఇంగ్లిష్ సోషల్ మీడియా కోసం తయారైనవి, తెలుగుకు వాటిని వాడొద్దు. గూగుల్ వారి మురిల్ (MuRIL) భాషా మోడల్‌కు రోమన్ లిపిలో రాసిన భారతీయ భాషల మీద కూడా శిక్షణ ఇచ్చారు కాబట్టి మొదలుపెట్టడానికి అది మెరుగు. కానీ మీ కామెంట్ల మీద మీరు పరీక్షించకుండా దేన్నీ నమ్మకండి. ఒకే మాటను పదిమంది పది స్పెల్లింగులతో రాస్తారు. ఏడుపు మొహం ఎమోజీ సగంసార్లు పగలబడి నవ్వడానికే పెడతారు.

ఎత్తిపొడుపు ఇంకా కష్టం. "ఈ సాలా కప్ నమ్దే" (ఈసారి కప్పు మనదే) అన్నది బెంగళూరు అభిమానులకు ఏళ్లతరబడి ఒక మొక్కు. వాళ్లు ఓడినప్పుడల్లా అవే నాలుగు మాటలు మిగతా జట్లవాళ్ల చేతిలో కర్ర. 2025 జూన్ 3న పంజాబ్ మీద 6 పరుగులతో గెలిచి బెంగళూరు మొదటి కప్పు ఎత్తిన రాత్రి ఆ నినాదం చివరికి నిజమైంది. మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఒక్క రోజు తేడాలో అదే నినాదం వేడుక నుంచి శోకంలోకి జారింది. అలాంటి రోజున ముందే షెడ్యూల్ చేసిన పోస్టులు, "ఫ్యాన్స్ జోష్" నివేదికలు అన్నీ ఆపించండి. మేనేజర్ చెప్పేదాకా ఆగొద్దు, మీరే చెప్పండి.

ఒక కామెంటును దగ్గరగా చూద్దాం. 2024 మే 26, చెపాక్‌లో ఫైనల్. సన్‌రైజర్స్ 113కే ఆలౌట్. కోల్‌కతా 10.3 ఓవర్లలో పని ముగించింది. ఇలాంటి కామెంటు ఒకటి వచ్చిందనుకోండి: "సూపర్ బ్యాటింగ్ అన్నా, పాప్‌కార్న్ అయిపోకముందే మ్యాచ్ అయిపోయింది." టూల్‌కి "సూపర్" కనబడుతుంది, ఆకుపచ్చ వేస్తుంది. రాసినవాడు సీజనంతా ఆరెంజ్ జెండా మోసినవాడైతే అది మనసు విరిగిన మాట. బెంగళూరు అభిమాని అయితే 287కి బదులు తీర్చుకోవడం. చెన్నైవాడైతే తన జట్టు ప్లేఆఫ్స్‌కే రాకుండా, తన సొంత మైదానంలో వేరేవాళ్ల ఫైనల్ చూడాల్సి వచ్చిన ఉక్రోషం కూడా అందులో కలిసి ఉంటుంది. జెర్సీలు అమ్మే కంపెనీకి ఈ ముగ్గురూ ఒకటి కాదు. మొదటివాడు వచ్చే మార్చిలో మళ్లీ కొంటాడు. మిగతా ఇద్దరూ ఆ జెర్సీ ఎప్పుడూ కొనరు, కానీ ఆ జట్టు పేరు ఎత్తడం మానరు. ఈ తేడా చెప్పగలిగిన ఉద్యోగికే విలువ.

పద్ధతి విషయానికొస్తే, ముందు ఒక మూడు వందల కామెంట్లు చేత్తో చదివి గుర్తులు వేయండి. కాలమ్‌లు నాలుగు చాలు: ఎవరి అభిమాని, ఎవరి గురించి, ఏ భావం, వెటకారం ఉందా లేదా. మీ పక్కసీటు మనిషి చేత అవే కామెంట్లకు మీ గుర్తులు చూడకుండా వేయించండి. ఇద్దరూ ఎంతవరకు కలిశారో కోహెన్ కప్పా కొలతతో తెలుస్తుంది, ఎక్సెల్‌లోనే లెక్క కట్టొచ్చు. కలవనిచోట కూర్చుని మాట్లాడుకోండి, అసలు జ్ఞానం అక్కడ దొరుకుతుంది. వీలైతే ఆ ఇద్దరూ వేర్వేరు జట్ల అభిమానులు అయ్యేలా చూడండి. సొంత జట్టు మీది వెటకారాన్ని మనం దూషణగా చదువుతాం, అవతలి జట్టు మీదిది సరదాగా చదువుతాం.

కామెంట్లను కాదు, మనుషులను లెక్కపెట్టండి. రాత్రంతా మేలుకుని రెండు వందల కామెంట్లు పెట్టిన ఒక్కడు రెండు వందలమంది కాదు. సమయం కూడా చీల్చండి: మ్యాచ్ నడుస్తుండగా, అయిన గంటకి, మర్నాడు మధ్యాహ్నం. మూడోది చల్లబడిన అభిప్రాయం, క్లయింట్‌కి ఎక్కువగా పనికొచ్చేది అదే. ఇక కామెంట్లు దింపుకునే దారులు మునుపటిలా లేవు. ఎక్స్ 2023లో ఉచిత మార్గాన్ని దాదాపు మూసేసింది, మెటా 2024 ఆగస్టులో క్రౌడ్‌టాంగిల్ అనే టూల్‌ను ఆపేసింది. చిన్న బృందాలకు యూట్యూబ్ ఏపీఐ ఇప్పటికీ అందుబాటులో ఉంది, రోజుకు 10,000 యూనిట్లు ఉచితం. నివేదికలో మాత్రం ఎవరి ఖాతా పేరూ, ఫొటో వద్దు.

దూషణను భావాల లెక్కలో కలపకండి, దానికి వేరే షీటు పెట్టండి. 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో భారత్ ఓడిన రాత్రి మహమ్మద్ షమీ మీద మతం పేరుతో, 2022 సెప్టెంబరులో ఒక క్యాచ్ వదిలినందుకు అర్ష్‌దీప్ సింగ్ మీద కురిసినదాన్ని అభిమానుల అసంతృప్తి అని రాస్తే, మనం ద్వేషానికి మర్యాదైన పేరు పెట్టినట్టే. బెదిరింపులు కనబడితే లింకు, సమయం, స్క్రీన్‌షాట్ దాచి, ప్లాట్‌ఫామ్‌కు రిపోర్టు చేసి, జట్టు యాజమాన్యానికి చేరేలా చూడండి. "రెండు ఫ్యాన్ గ్రూపులకీ కాస్త నిప్పు పెడితే రీచ్ పెరుగుతుంది" అనే సలహా మీ విశ్లేషణలోంచి ఎవరైనా లాగబోతే, నేనైతే ఆ స్లైడ్ ఇవ్వను. మీరూ ఇవ్వకండి. కుదరదని మెయిల్‌లో రాతపూర్వకంగా చెప్పండి.

టీమ్‌లీడ్‌లకు ఒక మాట. దూషణల షీటు చదివే పని ఒక్కరికే అప్పగించొద్దు. ముఖ్యంగా ఫైనళ్ల వారంలో, భారత్–పాకిస్తాన్ మ్యాచ్‌ల రాత్రుల్లో ఇద్దరిద్దరుగా వంతులు వేయండి, గంటకోసారి మార్చండి. ఆ షీటు చదివినవాళ్లకు మర్నాడు ఉదయం షిఫ్టు పెట్టకండి.