కుట్టబడిన చెవి

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:1–6, ద్వితీయోపదేశకాండము 15:12–17, రోమా 14:1–12

తెలుగు ఇండ్లలో చెవులు కుట్టించుట సాధారణముగా పసితనమందే జరిగిపోవును. మేనమామ ఒడిలో బిడ్డను కూర్చుండబెట్టుదురు. కంసాలి సన్నని బంగారు తీగతో కుట్టును. ఏడ్చుచున్న నోటిలో ఎవరో ఒకరు బెల్లపు ముక్క పెట్టుదురు. పెద్దయిన తరువాత ఆ నొప్పి ఎవరికిని జ్ఞాపకముండదు. హిందువులలో ఇది కర్ణవేధ అను సంస్కారము. క్రైస్తవులైనవారిలో అనేకులు ఆ సంస్కారమును విడిచిరి గాని చెవులు కుట్టించుటను విడువలేదు. దక్షిణ ఇండియా సంఘములోను, లూథరను, బాప్టిస్టు సంఘములలోను స్త్రీలు కమ్మలు, ముక్కుపుడక పెట్టుకొని ఆరాధనకు వచ్చుట వింత కాదు. పెంతెకొస్తు సంఘములలో అనేకచోట్ల సంగతి వేరు. అక్కడ బాప్తిస్మము పొందువారు నగలు తీసివేయుదురు. ఆ ఇండ్లలో పుట్టిన ఆడపిల్ల రంధ్రము లేని చెవులతోనే పెరిగి పెద్దదగును.

అట్టి యువతి పదునెనిమిదేండ్లు నిండి, నర్సింగు చదువునకో ఉద్యోగమునకో హైదరాబాదు, బెంగుళూరు వంటి పట్టణమునకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్న ఆమె యెదుట నిలుచును. తోటి పిల్లలందరికి కమ్మలున్నవి, ఆమెకు లేవు. హాస్టలులో కొందరు జాలితో, కొందరు వేళాకోళముగా అడుగుదురు. పసిబిడ్డ విషయములో తలిదండ్రులు నిర్ణయింతురు. ఈమె విషయములో నిర్ణయము ఈమెదే. తన దేహమును గూర్చి ఆమె తానుగా చేయు మొదటి నిర్ణయము బహుశః ఇదే కావచ్చును. చెవికి పోగు పెట్టుకొన గోరు మగపిల్లలకును ఇదే ప్రశ్న.

లేఖనములో దీనికి ఒక్క మాటలో ఆజ్ఞ దొరకదు. అబ్రాహాము దాసుడు రిబ్కా ముక్కునకు బంగారు కమ్మి పెట్టినప్పుడు (ఆది. 24:47) దానిని ఎవరును తప్పుపట్టలేదు. యెహెజ్కేలు 16వ అధ్యాయములో ప్రభువే యెరూషలేమను కన్యకు ముక్కు కమ్మియు చెవిపోగులును పెట్టినట్లు వర్ణించబడినది. ఆమె ఆ బంగారముతోనే విగ్రహములు చేసికొనినదని అదే అధ్యాయము చెప్పుచున్నది. యాకోబు ఇంటివారు అన్యదేవతలతో కూడ తమ చెవిపోగులను అప్పగించగా అతడు వాటిని షెకెము నొద్ద చెట్టు క్రింద పాతిపెట్టెను (ఆది. 35:4). సీనాయి నొద్ద భార్యల, కుమారుల, కుమార్తెల చెవులనుండి తీసిన పోగులు దూడగా పోతపోయబడెను (నిర్గమ. 32:2–4). ఇక్కడ కుమారుల పేరు కూడ ఉన్నదని గమనింపవలెను. చెవిపోగు ఆడవారిదే యని వాదించువారు ఈ వచనమును దాటిపోవుదురు. మూడు అధ్యాయముల తరువాత అట్టి నగలే ప్రత్యక్షగుడారమునకు కానుకగా వచ్చెను (నిర్గమ. 35:22). కనుక బంగారమును బట్టి తీర్పు చెప్పుటకు వీలులేదు. అది ఎవరి చేతికి పోయినదో చూడవలసియున్నది.

నగలకు విరోధముగా తరచుగా చూపబడు వచనము 1 పేతురు 3:3. ఆ వాక్యములో జడలు అల్లుకొనుటయు, బంగారు నగలును, వస్త్రధారణయు ఒకే వరుసలో నున్నవి. నగలను సంపూర్ణముగా నిషేధించినదని చదివినయెడల వస్త్రములను గూర్చియు అట్లే చదువవలసివచ్చును! అపొస్తలుడు సౌందర్యమునకు మూలమెక్కడనో చెప్పుచున్నాడు. లేవీయకాండము 19:28 చచ్చినవారి కొరకు దేహమును చీరుకొనుటను గూర్చినది. అది చెవి కుట్టించుకొనుటకు వర్తించదు.

అయితే దేహమును కుట్టుటను గూర్చియే చెప్పు భాగమొకటి ధర్మశాస్త్రములో నున్నది. హెబ్రీ దాసుడు ఆరు సంవత్సరములు సేవించి ఏడవ సంవత్సరమున ఊరక విడుదల పొందును. వాడు యజమానుని ప్రేమించి, వెళ్లనొల్లనని చెప్పినయెడల, యజమానుడు వానిని దేవుని యొద్దకు తీసికొనివచ్చి, ద్వారబంధము నొద్ద వాని చెవిని కదురుతో గుచ్చవలెను. దాసికిని అట్లే చేయవలెనని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. ఇందులో రెండు సంగతులు విడదీయరానివి. విడుదల కాలము వచ్చినప్పుడే వాడు మాటలాడెను; బలవంతము లేదు. వాడు ద్వారము నొద్ద, ఇంటివారెరుగగా నిలువబడెను; దాపరికము లేదు. కొందరు ప్రసంగీకులు 40వ కీర్తనలోని చెవుల మాటను ఈ దాసుని చెవితో జోడింతురు. అక్కడి హెబ్రీ క్రియకు త్రవ్వుట యని అర్థము, నిర్గమకాండములోని క్రియ వేరు; ఆ జోడింపును రూఢిగా చెప్పకుండుట మేలు. దాసుని వృత్తాంతము తనంతట తానే చాలును.

బలవంతము, దాపరికము: పట్టణములోని యువతికి కలుగు చిక్కు సాధారణముగా ఈ రెంటిలోనే. స్నేహితురాండ్ర నవ్వునకు లోబడి చెవి కుట్టించుకొనినయెడల అది ఆమె నిర్ణయము కాదు. ఇంటిమీది కోపముతో కుట్టించుకొనినను కాదు. తల్లి భయముచేత మానుకొనినది కూడ స్వేచ్ఛతో చేసినది కాదు. దాపరికము మరింత సామాన్యము. కొందరు ముక్కు కుట్టించుకొని, సెలవులకు ఇంటికి వెళ్లు రైలులో పుడక తీసి రుమాలు కొంగున ముడివేసికొందురు. తిరుగు ప్రయాణములో మరల గుచ్చుకొందురు. క్రొత్తగా కుట్టిన రంధ్రము కొన్ని గంటలలోనే పూడుకొనిపోవచ్చును. దానిని మరల బలవంతముగా తెరచినప్పుడు పుండు మొదటికి వచ్చును, చీము పట్టును. ప్రతి సెలవునకు ఇట్లు చేసినయెడల ఆ ముక్కు మానదు.

మానుటకు పట్టు కాలమును ముందుగానే ఎరిగియుండుట మంచిది. చెవి తమ్మె ఆరు మొదలు ఎనిమిది వారములలో మానును. ముక్కునకు కొన్ని నెలలు పట్టును. చెవి పైభాగమందలి మృదులాస్థికి ఆరు నెలలనుండి సంవత్సరము వరకు పట్టవచ్చును. అక్కడ రక్తప్రసారము తక్కువ గనుక చీము పట్టినయెడల చెవి ఆకారమే చెడిపోవు ప్రమాదము కలదు. తుపాకి వంటి యంత్రముతో కుట్టు దుకాణములున్నవి. ఆ యంత్రమును పూర్తిగా శుద్ధిచేయుట కష్టము, అది మృదులాస్థిని నలుగగొట్టును. కొత్త సూదిని కళ్లయెదుట విప్పి వాడువారి యొద్దకే వెళ్లవలెను. ఒకరికి వాడిన సూదివలన హెపటైటిస్ బి, సి వ్యాధులును హెచ్.ఐ.వి.యు సోకవచ్చును. ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకొనినది చూచుకొనవలెను. చవుక నగలలోని నికెలు కొందరికి దురదను రసిని కలిగించును. కుటుంబములో గాయపు మచ్చలు ఉబ్బి గడ్డలగు స్వభావమున్నవారును మధుమేహమున్నవారును ముందు వైద్యుని అడుగుట అవసరము. శుద్ధమైన ఉప్పునీటితో దినమునకు రెండు మారులు కడుగుట చాలును. పసుపు, నూనె పూయవలదు, పోగును మాటిమాటికి త్రిప్పవలదు. చీము పట్టినప్పుడు భయపడి పోగు తీసివేయుట తప్పు; రంధ్రము మూసికొని చీము లోపల నిలుచును. వైద్యునికి చూపవలెను.

తల్లితో చెప్పుట వీటన్నిటికంటె కష్టము. ఆమె నగలు తీసివేసిన దినమును చులుకనగా ఎంచరాదు. బంగారమున్న స్త్రీయు బంగారము లేని స్త్రీయు ఒకే చాపమీద కూర్చుండుట ఊళ్లలో అలవాటు లేని కాలమున, ఆ తీసివేతలో బీదలకు గొప్ప ఊరట కలదు. ముక్కుపుడకను సుమంగళి గురుతుగా ఎంచి, భర్త చనిపోయినప్పుడు తీయించిన సమాజములో, దానిని ముందే స్వేచ్ఛతో తీసిపెట్టిన స్త్రీని వైధవ్యము అవమానపరచలేకపోయెను. ఈ సంగతి కుమార్తె తల్లిని అడిగి తెలిసికొనవలెను. అడిగిన పిదప కుట్టించుకొనినను కుట్టించుకొనకపోయినను, తల్లిని ఎరిగి చేసినదగును.

పెద్దలకును ఒక మాట. ముక్కుపుడక కనబడినంతనే యువతిని గాయకబృందమునుండి తొలగించుట, ప్రభువు బల్లకు రావలదనుట కొన్నిచోట్ల జరుగుచున్నది. రోమా 14వ అధ్యాయములో తినువాడు తినని వానిని తృణీకరింపరాదు, తినని వాడు తినువానికి తీర్పు తీర్చరాదు. ఆ అధ్యాయమును భోజనము విషయములో ఒప్పుకొని పోగు విషయములో ఒప్పుకొనకుండుటకు కారణము చూపుట కష్టము. నగలు లేని సంఘము తన అలవాటును ప్రేమతో బోధింపవచ్చును; దానిని విశ్వాసమునకు షరతుగా నిలుపుటకు లేఖనములో ఆధారము లేదు. పట్టణపు సంఘములోని కమ్మల స్త్రీలును, పల్లెనుండి వచ్చిన రంధ్రము లేని చెవుల పిల్లను చూచి నవ్వరాదు. ఆమె వచ్చిన మొదటి ఆదివారమున ఆమె చెవులను చూడక, ఆమె పేరును, ఊరిని, హాస్టలులో భోజనము ఎట్లున్నదో అడిగినయెడల, చెవి కుట్టించుకొనవలెనా వలదా యను ప్రశ్నను ఆమె తొందరలేక, తనంతట తానే ఆలోచించుకొనగలదు.