ఇల్లు సర్దిన పుస్తకం

వ్యక్తిత్వ వికాస గ్రంథాలు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. నవలా రచయితగా లబ్ధప్రతిష్ఠులైన యండమూరి వీరేంద్రనాథ్ ఆ మార్గంలో కలం సాగించిన తరువాత వాటికి మన భాషలో ఆదరణ ఎంతో పెరిగింది. అయితే ఆయన అప్పటికే చేయి తిరిగిన రచయిత. అంతవరకు ఒక్క పుస్తకమైనా రాయని వ్యక్తి, పాతికేళ్లు దాటీ దాటని వయసులో, ‘మీరు ఇలా జీవించండి’ అని లోకానికి చెప్పబూనితే వినేది ఎవరు? అలా చెప్పే అర్హత ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు జపాను దేశపు యువతి మారీ కోండో జీవితంలో కొంత సమాధానం లభిస్తుంది.

కోండో 1984లో జన్మించింది. అయిదేళ్ల వయసు నుంచే గృహిణుల కోసం వెలువడే పత్రికలు చదవడం ఆమెకు అలవాటు. బడిలో తోటి పిల్లలు ఆటస్థలంలో ఉంటే ఆమె తరగతి గదిలో పుస్తకాల అరలు సర్దేది. నగిసా తత్సుమి అనే రచయిత్రి పారవేయడాన్నే ఒక కళగా వివరిస్తూ రాసిన పుస్తకం 2000లో వెలువడింది. అది చదివిన బాలికకు సర్దడం కాస్తా వ్యసనంగా పరిణమించింది. తన వస్తువులు అయిపోయాక తోబుట్టువుల, తల్లిదండ్రుల వస్తువుల మీద పడింది. వారికి తెలియకుండా పారవేసేది. అడిగితే తెలియదనేది. చివరకు దొరికిపోయింది. ఇంట్లో వస్తువులు సర్దరాదని ఆమెకు ఆంక్ష విధించారు.

ఈ ఉదంతాన్ని ఆమె తన పుస్తకంలో దాచుకోలేదు. నా దృష్టిలో ఆ పుస్తకానికి బలం చేకూర్చిన అంశాల్లో ఇది ముఖ్యమైనది. పొరపాటు చేయని వాని ఉపదేశాన్ని మనం గౌరవిస్తాం గాని పాటించం. పొరపాటు చేసి, దాని ఫలితం అనుభవించి, దారి మార్చుకొన్న వాని మాట చెవికెక్కుతుంది. కోండో దారి మారిన తీరు కొంత విచిత్రం. ఏమి పారవేయాలా అని నిరంతరం వెతుకుతూ, ఆ ఒత్తిడికి తాళలేక ఒకనాడు ఆమె స్పృహ తప్పిపోయింది. రెండు గంటల తరువాత తెలివి వచ్చినప్పుడు, వస్తువులను మరింత శ్రద్ధగా చూడమని ఏదో స్వరం చెప్పినట్లు తోచిందని ఆమె ఒక సంభాషణలో పేర్కొంది. అంతవరకు ఆమె వెతికినది అనవసరమైన వాటిని. ఇక వెతకవలసినది నిలుపుకోదగిన వాటిని. చేసే పని పైకి ఒకటిగానే కనిపిస్తుంది. కాని చూపు పూర్తిగా మారింది.

పందొమ్మిదేళ్ల వయసులో, టోక్యోలో విశ్వవిద్యాలయ విద్యార్థినిగా ఉంటూనే, రుసుము తీసుకొని ఇతరుల ఇళ్లు సర్దిపెట్టడం ఆమె ప్రారంభించింది. అదొక వృత్తి అవుతుందని అప్పట్లో ఎంతమంది ఊహించి ఉంటారు! క్రమంగా ఆమె సలహా కోసం నెలల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. తమ వంతు వచ్చేదాకా చదువుకోవడానికి ఒక పుస్తకం రాయవచ్చు కదా అని వారు అడిగారు. గ్రంథానికి మూలం ఇదే. రచయిత్రి కావాలనే కోరిక కంటె ముందు చదువరులు ఆమె గుమ్మం ముందు నిలిచారు.

అయితే ఇల్లు సర్దడం వచ్చినంత మాత్రాన పుస్తకం రాయడం వస్తుందా? రాదని ఆమె గ్రహించింది. 2010లో పుస్తక రచన నేర్పే ఒక శిక్షణ తరగతిలో చేరింది. అక్కడి పోటీలో ఆమె ప్రథమ స్థానం పొందింది. ఆమె మొదటి పుస్తకాన్ని సన్‌మార్క్ సంస్థ ప్రచురించగా, 2011 జనవరి నాటికి అది పాఠకుల చేతికి అందింది.

ఆ గ్రంథంలో అయిదు అధ్యాయాలున్నాయి. ఎన్నిసార్లు సర్దినా ఇల్లు మళ్లీ ఎందుకు చెదిరిపోతుందో మొదటి అధ్యాయం చర్చిస్తుంది. ఏ వస్తువును ఏ వరుసలో చూడాలన్నది ఆ తరువాతే వస్తుంది. ముందు కారణం, తరువాత క్రియ. గది గదిగా గాక, వస్తువుల జాతిని బట్టి సర్దాలని ఆమె సూత్రం. మొదట దుస్తులు, పిమ్మట పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చిట్టచివర జ్ఞాపకాలతో ముడిపడిన వస్తువులు. ఛాయాచిత్రాలతో మొదలుపెట్టినవాడు వాటిని చూస్తూ కూర్చుంటాడే తప్ప పని పూర్తి చేయలేడు. తేలికైన నిర్ణయాల మీద చేయి అలవాటు చేసుకొని కఠినమైన వాటి వద్దకు వెళ్లాలన్నమాట. ఇది పరుల ఇళ్లలో నేల మీద కూర్చొని నేర్చుకున్న విద్య.

నిలుపుకోదగిన వస్తువును గుర్తించడానికి ఆమె వాడిన జపాను పదం ‘టొకిమెకు’. గుండె ఉప్పొంగడం, మది పులకించడం అని దానికి స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. వస్తువును చేతిలోకి తీసుకో, మనసు పులకిస్తే ఉంచు, లేకుంటే కృతజ్ఞత చెప్పి సాగనంపు. వస్తువుకు కృతజ్ఞత ఏమిటని కొందరు నవ్వారు. ఆయుధపూజనాడు సైకిలుకు పసుపు కుంకుమ పెట్టే మనకు అది వింతగా తోచనవసరం లేదు. ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. కోండో బోధించినది కచ్చితంగా మినిమలిజం కాదు. ఆ వాదం తక్కువ వస్తువులతో జీవించమంటుంది. ఈమె ప్రియమైన వస్తువుల నడుమ జీవించమంటుంది. సంఖ్యకు ఆమె పరిమితి విధించలేదు. తన వద్ద దాదాపు 30 పుస్తకాలే ఉంచుకుంటానని రాసిన వాక్యాన్ని మాత్రం, అందరూ అంతే ఉంచుకోవాలన్న శాసనంగా భావించి 2019లో పుస్తకప్రియులు ఆగ్రహించారు. వాక్యం ఒకటే, చదివినవారు వేరు. కొత్త రచయిత జాగ్రత్త పడవలసిన చోటు ఇదే.

పుస్తకం వెలువడిన కొద్ది కాలానికే, 2011 మార్చి 11న, ఈశాన్య జపానును భూకంపం, సునామీ ముంచెత్తాయి. ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. మనకు నిజంగా ఏమి కావాలన్న ప్రశ్న ఎందరికో ఎదురైంది. అలాంటి వేళ ఈ పుస్తకం వారి చేతిలో ఉంది. 2014లో క్యాథీ హిరానో చేసిన ఆంగ్లానువాదం అమెరికాలో విడుదలైంది. అనంతరం పలు భాషల్లో కలిపి కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ఇదే కాలంలో ఫుమియో ససాకి అనే మరొక జపానీయుడు నిజమైన మినిమలిస్టుగా తన పుస్తకం రాశాడు. 1979లో పుట్టిన ససాకి వృత్తిరీత్యా గ్రంథ ప్రచురణ సంపాదకుడు. ఇరుకు గదిలో చదవని పుస్తకాల గుట్టలు, వాడని పాత కెమెరాలు ఉంచుకొని, తోటివారితో తనను పోల్చుకుంటూ కుమిలిపోయేవాడు. ఆ పుస్తకాలు జ్ఞానం కోసం కాదు, తన విలువను చాటుకోవడం కోసమేనని ఆయన ఒప్పుకున్నాడు. వాటిని వదిలించుకొన్న వృత్తాంతమే 2015లో గ్రంథమైంది. కోండో పరుల ఇళ్లను చూసి రాసింది. ఈయన తన గదిని చూసి రాశాడు. ఎవరి అర్హత వారిది.

ఉపదేశ గ్రంథం రాసినవారికి మరొక చిక్కు ఉంది. పుస్తకం అచ్చులో ఆగిపోతుంది గాని జీవితం ఆగదు. 2019లో కోండో గృహోపకరణాలు అమ్మే దుకాణాన్ని అంతర్జాలంలో తెరిచినప్పుడు, పారవేయమన్నదీ కొనమంటున్నదీ ఈమేనా అని విమర్శకులు ఎత్తిపొడిచారు. ఆ విమర్శను పూర్తిగా కొట్టివేయలేం. ముగ్గురు పిల్లల తల్లి అయిన తరువాత, 2023 జనవరిలో ఆమె మరొక సంగతి బహిరంగంగా చెప్పింది. ఇల్లు ఎప్పుడూ పొందికగా ఉంచాలనే పట్టుదలను తాను చాలావరకు వదిలివేశానని, తన ఇల్లు చిందరవందరగా ఉన్నా ఆ సమయం పిల్లలతో గడపడమే ఇప్పుడు తనకు ఇష్టమని. ఆ మాట విని కొందరు పరిహసించారు, ఎందరో తల్లులు ఊపిరి పీల్చుకున్నారు.