నేల పరీక్షా ఫలితాలు, గ్రామ సరిహద్దులను ప్రాదేశిక డేటాబేస్‌లోనికి దిగుమతి చేయడం: పాటించవలసిన పరీక్షలు

నేల పరీక్షా ప్రయోగశాలల ఫలితాలు పట్టికల రూపంలోను, గ్రామ, మండల సరిహద్దులు పటాల రూపంలోను విడివిడిగా ఉన్నంతకాలం వాటివలన కలిగే ప్రయోజనం పరిమితంగానే ఉంటుంది. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకం క్రింద సాగునీటి ప్రాంతాలలో 2.5 హెక్టార్లకు ఒకటి, వర్షాధార ప్రాంతాలలో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనాలను సేకరించి, ఒక్కొక్క నమూనాలో 12 లక్షణాలను విశ్లేషించే పద్ధతి అమలులోకి వచ్చింది. ఈ ఫలితాల నుండి ఏ మండలంలో జింకు లోపం ఏ మేరకు ఉన్నదో తెలుసుకోవాలంటే పట్టికను, పటాన్ని ఒకే డేటాబేస్‌లో చేర్చి అనుసంధానించవలసి ఉంటుంది.

ఈ చేర్పును చాలామంది ఒక ఫైలును ఒకచోటి నుండి మరొకచోటికి మార్చే యాంత్రికమైన పనిగా భావిస్తారు. నిజానికి ఒక సంఖ్య కొలతా, సంకేతమా, లేక లేని విలువకు గుర్తా అన్నది స్థిరపడేది ఈ దశలోనే. ఇక్కడ జరిగే పొరపాట్లలో అధికభాగం ఎటువంటి హెచ్చరిక లేకుండానే డేటాబేస్‌లో చేరి, చివరకు ఎరువుల సిఫార్సు రూపంలో రైతు పొలానికి చేరుతాయి. కనుక దిగుమతి దశలో తీసుకోవలసిన నిర్ణయాలను, చేయవలసిన పరీక్షలను విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాధనాలు

ఉచితంగా లభించే మూడు సాఫ్ట్‌వేర్లు ఈ పనికి సరిపోతాయి. మొదటిది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్. రెండవది దానికి బిందువులు, రేఖలు, బహుభుజులను నిల్వచేసే సామర్థ్యాన్ని కలిగించే పోస్ట్‌జిఐఎస్. కెనడాకు చెందిన రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ సంస్థ దీనిని 2001లో తొలిసారి విడుదల చేసింది. మూడవది 2002లో గ్యారీ షెర్మన్ ప్రారంభించిన క్యూజిఐఎస్. ఇది సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటరుపై పనిచేస్తుంది.

పోస్ట్‌జిఐఎస్‌తో పాటు లభించే శేప్‌ఫైల్ లోడర్ శేప్‌ఫైళ్లను, వాటి పట్టిక భాగమైన డీబీఎఫ్ ఫైళ్లను మాత్రమే స్వీకరిస్తుంది. క్యూజిఐఎస్‌లోని డీబీ మేనేజర్ శేప్‌ఫైళ్లతోపాటు సీఎస్‌వీ పట్టికలను కూడా స్వీకరిస్తుంది. కాబట్టి మన అవసరానికి డీబీ మేనేజర్ అనువైనది. దిగుమతి సమయంలో ఇది పట్టిక పేరు, ప్రాథమిక కీ, మూల నిరూపక వ్యవస్థ, గమ్య నిరూపక వ్యవస్థ, ఎన్‌కోడింగ్, స్పేషియల్ ఇండెక్స్ మొదలైన వివరాలను అడుగుతుంది. ఈ గడులను నింపడానికి అవసరమైనది కంప్యూటరు పరిజ్ఞానం కంటె దత్తాంశం గురించిన అవగాహన.

పట్టికలో తలెత్తే సమస్యలు

1. సర్వే నంబర్లు: సర్వే నంబరు చూడటానికి సంఖ్యవలె ఉన్నప్పటికీ అది కొలత కాదు, గుర్తింపు సంకేతం. స్ప్రెడ్‌షీట్‌లో 5/2 అని టైపు చేసిన వెంటనే అది తేదీగా మారిపోతుంది. దానిని సీఎస్‌వీగా భద్రపరచిన తరువాత అసలు నంబరు 5/2 అయినదీ, 2/5 అయినదీ నిశ్చయంగా చెప్పడం సాధ్యం కాదు. అందువలన వివరాలు నమోదు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను అక్షర రూపంలోకి మార్చి ఉంచాలి. క్యూజిఐఎస్‌లో సీఎస్‌వీని తెరిచేటపుడు నిలువు వరుసల రకాన్ని స్వయంగా ఊహించే ఐచ్ఛికాన్ని తొలగించినట్లయితే అన్ని విలువలు అక్షర రూపంలోనే వస్తాయి. సున్నాతో మొదలయ్యే సంకేతాలలోని ఆ సున్నా కూడా దీనివలన నిలిచి ఉంటుంది.

2. తెలుగు అక్షరాలు: తెలంగాణలో సర్వే నంబర్ల ఉపవిభాగాలను 123/అ, 123/ఆ అని తెలుగు అక్షరాలతో సూచించడం వాడుకలో ఉన్నది. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లను ఆక్రమిస్తుంది. డీబీఎఫ్ ఫైలులో నిలువు వరుస పేరుకు 10 బైట్లు, అక్షర విలువకు 254 బైట్లు మాత్రమే లభిస్తాయి. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా విడి సంకేతాలే కనుక తెలుగులో నిలువు వరుస పేరు మూడు సంకేతాలతోనే ముగిసిపోతుంది. కావున శేప్‌ఫైలు వాడవలసి వచ్చినపుడు నిలువు వరుసలకు పొట్టి ఆంగ్ల నామాలు పెట్టి, తెలుగు వివరాలను వేరొక సీఎస్‌వీ పట్టికలో ఉంచడం మేలు. ఎన్‌కోడింగ్‌ను తప్పుగా ఎంచుకుంటే అ, ఆ అనే రెండు వేర్వేరు కమతాలు అర్థంకాని గుర్తులుగా మారి వాటిని వేరుచేసి చూడటం కష్టమవుతుంది.

3. ఖాళీ విలువలు: అత్యంత హానికరమైన పొరపాటు ఇదే. డీబీఎఫ్ రూపంలో లేని విలువను స్పష్టంగా సూచించే ఏర్పాటు లేదు. అందువలన శేప్‌ఫైలుగా మార్చేటపుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ సంఖ్యా గడులలో సున్నాను వ్రాస్తాయి. ఒక గ్రామం నుండి ఐదు నమూనాలు వచ్చాయని, మూడింటిలో జింకు 0.9, 0.8, 0.7 పి.పి.యం. ఉన్నదని, మిగిలిన రెండింటిని విశ్లేషించలేదని అనుకుందాం. మూడు ఫలితాల సగటు 0.8 పి.పి.యం. ఖాళీలు సున్నాలుగా మారితే సగటు 0.48 పి.పి.యం.కు పడిపోతుంది. డీటీపీఏ పద్ధతిలో జింకు సందిగ్ధ స్థాయి 0.6 పి.పి.యం. కనుక లోపంలేని గ్రామం లోపమున్న గ్రామంగా నమోదవుతుంది. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు చొప్పున వరి రైతు అనవసరంగా ఖర్చు చేస్తాడు. ఇందుకు భిన్నంగా, కొలత పరిమితికి లోబడిన విలువ ఖాళీతో సమానం కాదు. దానిని ప్రత్యేక సంకేతంతో వేరొక నిలువు వరుసలో నమోదు చేయాలి.

4. ప్రమాణాలు: దిగుమతి సంఖ్యను తెస్తుంది కాని దాని ప్రమాణాన్ని తీసుకురాదు. ఒక ప్రయోగశాల లభ్య పొటాషియాన్ని పి.పి.యం.లోను, మరొకటి హెక్టారుకు కిలోలలోను ఇవ్వవచ్చు. పి.పి.యం. విలువను 2.24తో హెచ్చిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. 100 పి.పి.యం. అంటే హెక్టారుకు 224 కిలోలు. సాధారణ వర్గీకరణలో ఇది మధ్యస్థ స్థాయి. అదే 100ను కిలోలుగా పరిగణిస్తే తక్కువ స్థాయిగా తేలుతుంది. కావున ప్రతి కొలతకు ప్రమాణాన్ని తెలిపే నిలువు వరుస ఉండాలి.

పటాలలో తలెత్తే సమస్యలు

1. నిరూపకాల క్రమం: క్షేత్రస్థాయిలో అక్షాంశాన్ని ముందు, రేఖాంశాన్ని తరువాత చెప్పడం వాడుక. డేటాబేస్‌లో మాత్రం ఎక్స్ స్థానంలో రేఖాంశం, వై స్థానంలో అక్షాంశం ఉండాలి. రాజేంద్రనగర్ సుమారు 17.3 ఉత్తర అక్షాంశం, 78.4 తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఈ రెండు తారుమారైతే ఆ నమూనా ఆర్కిటిక్ ప్రాంతంలోని స్వాల్‌బార్డ్ దీవులకు చేరుతుంది. పటంపై చూడగానే ఈ తప్పు తెలిసిపోతుంది. కాని 17 డిగ్రీల 30 నిమిషాలను 17.50గా కాక 17.30గా వ్రాస్తే నమూనా దాదాపు 22 కిలోమీటర్లు జరిగి మరొక మండలంలో పడుతుంది. ఇది పైచూపుకు కనిపించదు.

2. నిరూపక వ్యవస్థ: మూల వ్యవస్థ అన్న గడిలో ఫైలు ఇప్పుడు ఏ వ్యవస్థలో ఉన్నదో తెలపాలి. గమ్య వ్యవస్థ అన్న గడిలో దానిని ఏ వ్యవస్థలోకి మార్చదలచామో తెలపాలి. మొదటిది కేవలం పేరు పెట్టడం, రెండవది గణన చేసి మార్చడం. ఈ రెండింటిని ఒకటిగా భావించడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు.

ఆంధ్రప్రదేశ్ విషయంలో మరొక చిక్కు ఉన్నది. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో ఆదోని 43వ మండలంలోను, గుంటూరు 44వ మండలంలోను, ఇచ్ఛాపురం 45వ మండలంలోను వస్తాయి. ఇక్కడ మండలం అంటే రేఖాంశాల మధ్య 6 డిగ్రీల పట్టీ అని గ్రహించాలి. రాష్ట్రమంతటి దత్తాంశాన్ని ఒకే యూటీఎం పట్టీలో ఉంచడం కంటె ఇపిఎస్‌జి 4326 అనే అక్షాంశ-రేఖాంశ వ్యవస్థలో నిల్వచేయడం ఉత్తమం. అయితే ఆ వ్యవస్థలో నేరుగా విస్తీర్ణం లెక్కిస్తే జవాబు చదరపు డిగ్రీలలో వస్తుంది. దానికి వ్యవసాయపరంగా అర్థం లేదు. విస్తీర్ణం కావలసినపుడు ఆయా జిల్లాకు తగిన యూటీఎం పట్టీలోకి మార్చి గణించాలి.

3. బహుళ ఖండాల గ్రామాలు: కొన్ని గ్రామాల సరిహద్దులు ఒకే ముక్కగా ఉండవు. డీబీ మేనేజర్‌లో సింగిల్ పార్ట్ ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే అటువంటి గ్రామం రెండు మూడు అడ్డు వరుసలుగా విడిపోతుంది. గ్రామ సంకేతంతో అనుసంధానించినపుడు ఆ గ్రామపు ఫలితాలు అన్నిసార్లు లెక్కలోకి వస్తాయి. గ్రామస్థాయి విశ్లేషణలో ఈ ఐచ్ఛికాన్ని వాడరాదు.

4. పేర్లు, పరిపాలనా మార్పులు: రామాపురం, కొత్తపల్లి వంటి పేర్లుగల గ్రామాలు అనేకం. ఆంగ్లంలో కొత్తపల్లిని వ్రాసే తీరులూ పలు విధాలు. ఇవి చాలనట్లు 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 జిల్లాలుగాను, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 జిల్లాలుగాను పునర్వ్యవస్థీకరింపబడ్డాయి. 2015-16 నాటి నమూనాల పట్టికలోని జిల్లా పేరు నేటి పటంతో సరిపోలదు. కావున పేర్ల ఆధారంగా కాక, కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సంకేతాల ఆధారంగానో, జనగణన గ్రామ సంకేతాల ఆధారంగానో అనుసంధానం చేయాలి.

తాత్కాలిక పట్టిక విధానం

పై సమస్యలను అదుపుచేయడానికి రెండంచెల దిగుమతి అనుసరణీయం. మొదటి అంచెలో సీఎస్‌వీలోని అన్ని నిలువు వరుసలను అక్షర రూపంలోనే ఒక తాత్కాలిక పట్టికలోకి తేవాలి. ఈ పట్టికలో ఏ విలువనూ దిద్దరాదు. రెండవ అంచెలో ఈ క్రింది పరీక్షలు జరిపి, నెగ్గిన వరుసలను మాత్రమే తగిన రకాలలోకి మార్చి ప్రధాన పట్టికలో చేర్చాలి.

అ) మూల ఫైలులోని వరుసల సంఖ్య, తాత్కాలిక పట్టికలోని సంఖ్య సమానంగా ఉన్నవా?

ఆ) ప్రతి కొలతకు ఖాళీలు ఎన్ని, సున్నాలు ఎన్ని? ఉదజని సూచికలో గాని, సేంద్రియ కర్బనంలో గాని సున్నా ఉంటే అది కొలత కాదని భావించి ప్రయోగశాల రిజిస్టరుతో సరిచూడాలి.

ఇ) కనిష్ఠ, గరిష్ఠ విలువలు శాస్త్రీయంగా సాధ్యమైనవేనా? ఉదజని సూచిక 78గా కనిపిస్తే 7.8లోని చుక్క జారిపోయి ఉండవచ్చు. అయినప్పటికీ ఊహించి దిద్దక రిజిస్టరును చూడాలి.

ఈ) గ్రామ సంకేతం పటంలో దొరకని నమూనాలు ఎన్ని? అనుసంధానంలో ఇవి నిశ్శబ్దంగా రాలిపోతాయి గనుక లెఫ్ట్ జాయిన్ ద్వారా వాటిని విడిగా జాబితా చేయాలి.

ఉ) నమూనా బిందువు, పట్టికలో పేర్కొన్న గ్రామ సరిహద్దు లోపలనే ఉన్నదా? నిమిషాలను దశాంశాలుగా పొరబడిన నమూనాలను పట్టి ఇచ్చేది ఈ పరీక్షయే. స్పేషియల్ ఇండెక్స్ ఉన్నపుడు వేలకొలది బిందువులకు కూడా ఇది త్వరగా పూర్తవుతుంది.

సరిహద్దుకు కొద్ది మీటర్ల వెలుపల పడిన బిందువులను జీపీఎస్ కచ్చితత్వపు పరిమితిగా పరిగణించవచ్చు. కిలోమీటర్ల దూరంలో పడినవాటిని మాత్రం ప్రధాన పట్టికలో చేర్చక పక్కన ఉంచాలి.

ముగింపు

ప్రతి దిగుమతికి ఒక నమోదు పుస్తకం ఉండటం అవసరం. మూల ఫైలు పేరు, తేదీ, వరుసల సంఖ్య, ఎన్‌కోడింగ్, నిరూపక వ్యవస్థ, తిరస్కరించిన వరుసలు, అందుకు కారణాలు అందులో ఉండాలి. రెండేళ్ల తరువాత ఒక మండలంలో జింకు లోపం హఠాత్తుగా పెరిగినట్లు కనిపించినపుడు అది నేలలో వచ్చిన మార్పా, దిగుమతిలో వచ్చిన మార్పా అని తేల్చగలిగేది ఆ పుస్తకమే.

సాఫ్ట్‌వేరు అడిగే ప్రశ్నలకు జవాబులు నేలను, పంటను, ప్రయోగశాల పద్ధతిని ఎరిగినవారి వద్దనే ఉంటాయి. కావున ఈ పనిని పూర్తిగా కంప్యూటరు ఆపరేటరుకు అప్పగించక, కనీసం రెండవ అంచెలోని పరీక్షలను శాస్త్రవేత్త స్వయంగా నిర్వహించడం సమంజసం. విద్యార్థులు తమ కళాశాల క్షేత్రంలోని మడుల సరిహద్దులను, వాటి నేల పరీక్షా ఫలితాలను తీసుకొని ఈ విధానాన్ని అభ్యసించవచ్చు. మడుల సంఖ్య తక్కువగా ఉంటుంది కనుక ప్రతి ఫలితాన్ని నేలపైకి వెళ్లి సరిచూసుకునే వీలు కూడా ఉంటుంది.