ఒకే స్తంభముపై నిలిచిన ఊరు

కాంపియోనె ఇటలీకి చెందిన చిన్న ఊరు. చుట్టూ ఉన్నది మాత్రం స్విట్జర్లాండ్. జనాభా సుమారు 2,000. అక్కడి కాసినో, అనగా జూదశాల, పురపాలక సంఘానిదే. దాని రాబడితోనే ఊరు నడిచేది.

2007లో పెద్ద కొత్త భవనం తెరిచారు. అయితే సమీపాన లుగానోలోను, మెండ్రిసియోలోను స్విస్ కాసినోలు వెలసి ఆటగాళ్లను పంచుకున్నాయి. అప్పులు పెరిగాయి. 2018 జూలైలో న్యాయస్థానం దివాలా ప్రకటించగా కాసినో మూతపడింది. సుమారు 500 మందికి పని పోయింది. ఎన్నడూ జూదమాడని పురపాలక ఉద్యోగులకు సైతం జీతాలు ఆగాయి. 2022 జనవరిలో తిరిగి తెరిచారు, చాలా తక్కువ మందితో.

పాఠం: రాబడి బాగున్న దినములలోనే రెండవ ఆధారం చూచుకోవాలి.

ఆలోచించండి: మన వీధి ఏ ఒక్క మిల్లుపై, ఏ ఒక్క గనిపై ఆధారపడియున్నది?